సర్కిల్ ఆఫీసు తలుపు దగ్గరే ఉంది

సోమవారం ఉదయం పదిన్నరకు గట్ల నిర్వహణ సంస్థ సాలూరు సర్కిల్ కార్యాలయం ఒక ఇంటర్నెట్ కార్యక్రమం చూడడం మొదలుపెట్టింది. పదకొండు కాకముందే ఆపేసింది. ఆపింది పద్దెనిమిదో నిమిషం దగ్గర. సూపరింటెండింగ్ ఇంజనీరు పురుషోత్తం గారు నిద్రపోయారు.

కార్యక్రమం పేరు ‘బల్ల చుట్టూ ఆరుగురు’. ఆరుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆట ఆడతారు. ఒకరు కథ చెబుతారు. మిగతా ఐదుగురూ ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. ఒకరు కమ్మరి, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. గోడ ఎక్కుతానని దొంగ అంటుంది. ఎక్కగలిగిందా, జారిపడిందా అన్నది పాచిక చెబుతుంది. పాచికకు ఇరవై ముఖాలు. వాళ్ళు ఆడుతుంటే జనం ఫోన్లలో, టీవీల్లో చూస్తారు. ఒక్కో భాగం నాలుగు గంటలు. ఇప్పటికి రెండు కథలుగా వందకు పైగా భాగాలు వచ్చాయి.

చెరువు గట్లకూ దీనికీ ఉన్న సంబంధం ఎం.డి. గారి సర్క్యులర్‌లో ఉంది. ఎం.డి. గారు పుణేలో ఏదో శిక్షణకు వెళ్ళారు. అక్కడ భోజనాల దగ్గర ఎవరో ఈ ఆట గురించి చెప్పారు. తిరిగొచ్చిన వారంలోనే అన్ని కార్యాలయాలకూ కాగితం వచ్చింది.

"సిబ్బందియందు జట్టుతత్వము, తక్షణ నిర్ణయ సామర్థ్యము, అనూహ్య పరిస్థితులను ఎదుర్కొను నేర్పు పెంపొందించు నిమిత్తము సదరు కార్యక్రమ వీక్షణ ఆరంభించవలెను. వీక్షణ క్రమానుగత శ్రేణిని పాటించుచు జరగవలెను. ఆరంభించిన పిమ్మట నివేదిక సమర్పించవలెను. నివేదిక అందనంతవరకు సదరు కార్యాలయ సిబ్బంది వ్యవహారములేవియు పరిశీలింపబడవు."

ఆఖరి వాక్యాన్ని ఆఫీసు సూపరింటెండెంట్ తాలాడ అప్పలసూరి రెండుసార్లు చదివాడు. అతని బదిలీ అర్జీ హెడ్డాఫీసులో ఉంది. భార్య హైమావతి తుని ఆర్టీసీ డిపోలో గుమస్తా. అప్పలసూరి సాలూరులో ఒక గదిలో ఉంటూ మెస్సులో తింటాడు. శనివారం సాయంత్రం బస్సెక్కి విజయనగరం, అక్కడ రైలెక్కి తుని. ఆదివారం సాయంత్రం మళ్ళీ రైలు. భార్యాభర్తలిద్దరూ ఒకేచోట ఉండే కోటా కింద తుని సబ్ డివిజన్ అడిగాడు. ఆరేళ్ళుగా అడుగుతున్నాడు. ఈసారి ఖాళీ ఉంది. ఆఫీసు ‘బల్ల చుట్టూ ఆరుగురు’ చూడడం మొదలుపెడితే కానీ ఆ అర్జీ కదలదు.

ఈ పనికి నోడల్ అధికారిగా పురుషోత్తం గారు అతన్నే వేశారు.

ముందు, ఎక్కడ మొదలుపెట్టాలి అన్న ప్రశ్న వచ్చింది. సీనియర్ అసిస్టెంట్ నీలవేణి తను విన్నది చెప్పింది.

"మా పాప చెప్పింది సార్. మొదటి కథ ఎవరూ చూడరట. అందులో మాట సరిగ్గా వినబడదట. రెండో కథలోంచి మొదలెట్టీమంది."

"మీ పాప ఏ సెక్షనమ్మా?"

"అదేటి సార్, అడిగారు కదాని చెప్పాను. అయినా ఒకటో భాగానికి ముందు సున్నా అనొకటుందట. అందులో ఆట ఉండదు. కూకుని రూల్స్ మాట్లాడుకుంటారట."

సున్నా అన్న మాట అకౌంట్స్ సెక్షనుకు వెళ్ళింది. సున్నాతో మొదలయ్యే వరుసను ఆడిట్ ఒప్పుకోదని వాళ్ళు రాశారు. అందరి అభిప్రాయాలూ కలిపి అప్పలసూరి హెడ్డాఫీసును స్పష్టత కోరాడు. జవాబుకు రెండు నెలలు పట్టింది. "ఆరంభము అనగా ఆరంభమేనని ఇందుమూలముగా స్పష్టము చేయడమైనది."

పురుషోత్తం గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "స్పష్టంగానే ఉంది కదయ్యా. ఇంకేం కావాలి నీకు?"

ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చడానికి అప్పలసూరి ఒక సాయంత్రం మెస్సు నుంచి వచ్చి ఒకటో భాగం తనే చూశాడు. పరిశీలన కోసం చూస్తున్నానని తనకు తను చెప్పుకున్నాడు. రెండో భాగం కూడా పరిశీలించాడు. మూడో భాగం దగ్గర హైమావతికి ఫోన్ చేశాడు.

అప్పలసూరి సీరియళ్ళు చూసే మనిషి కాదు. పెళ్ళయినప్పటి నుంచి ఆ సంగతి హైమావతికి గుర్తుచేస్తూనే ఉన్నాడు. ఆమె టీవీ ముందు కూర్చుంటే, ఆ ఏడ్చేవాళ్ళు నీకేమవుతారని అడిగేవాడు.

"పిట్ట అని ఒక దొంగపిల్ల ఉందిలే. కోట గోడ మీద ఇరుక్కుపోయింది. పాచిక వేస్తే రెండు పడింది. ఇరవైకి రెండు" అన్నాడు ఫోన్లో.

"ఎవరండీ పిట్టంటే?"

"ఆఫీసు పనిలే."

"ఆఫీసు పనైతే నాకు ఫోన్ చేసి ఆయాసపడతారేంటి? ఆ పిట్ట మీకేమవుతుంది?"

అప్పలసూరి ఫోన్ పెట్టేశాడు. మర్నాడు హైమావతి కూడా ఒకటో భాగం చూసింది. వారం తిరిగేసరికి ఇద్దరూ ఫోన్ కలుపుకుని, ఒకటి, రెండు, మూడు అనుకుని, అక్కడొకరూ ఇక్కడొకరూ ఒకేసారి బటన్ నొక్కడం మొదలుపెట్టారు. ఆదివారం మాత్రం తునిలో ఒకే సోఫాలో. ఒకరిని విడిచి ఒకరు ముందుకు వెళ్ళకూడదని ఒప్పందం. ఒకసారి హైమావతి కూర మాడుతుంటే ఆపడం మరచిపోయి పది నిమిషాలు ముందుకు వెళ్ళింది. అప్పలసూరి ఆ వారం ఫోన్లో పొడిపొడిగా మాట్లాడాడు. యాభై నాలుగేళ్ళ మనిషినని అతనికి గుర్తొచ్చింది. అయినా అలాగే మాట్లాడాడు.

సాలూరు సర్కిల్ కార్యాలయం అధికారికంగా మొదలుపెట్టిన సోమవారానికి అతను తొమ్మిదో భాగంలో ఉన్నాడు.

సమావేశ మందిరంలో పెద్ద టీవీ ముందు ఎస్.ఇ. పురుషోత్తం గారికి చేతుల కుర్చీ, ఆయన వెనుక హోదా ప్రకారం మిగతా కుర్చీలు. టీవీలో ఐదుగురు బాటసారులు ఒక సత్రానికి వచ్చారు. సత్రం నడిపే నీలకంఠం వాళ్ళకు పానకం ఇచ్చాడు. నేలమాళిగలోంచి చప్పుడు వచ్చింది. అందరూ మెట్లు దిగారు. కింద ఒక తలుపు ఉంది. పిట్ట ఆ తలుపుకు చెవి ఆనించింది. పిట్టగా ఆడుతున్న అమ్మాయి పాచిక వేసింది. అది బల్ల మీంచి జారి కుర్చీ కిందకు దొర్లింది. అందరూ వంగి వెతుకుతున్నారు.

అక్కడ పురుషోత్తం గారి తల ముందుకు వాలింది.

ఎవరూ కదల్లేదు. క్రమానుగత శ్రేణి అంటే, పైవారు చూడనిది కిందివారు చూడకూడదని ఆఫీసు అర్థం చేసుకుంది. అప్పలసూరి టీవీ ఆపాడు. సమావేశం మినిట్స్ పుస్తకంలో నిద్ర అన్న మాట రాయడానికి లేదు. "ఎస్.ఇ. గారు దీర్ఘాలోచనలో ఉన్నందున వీక్షణ పద్దెనిమిదవ నిమిషము వద్ద వాయిదా పడినది" అని రాశాడు. వీక్షణ ఆరంభమైందని అదే రోజు హెడ్డాఫీసుకు నివేదిక పంపాడు. అతనికి కావలసింది అంతే.

మరుసటి సోమవారం మళ్ళీ మొదటి నుంచి పెట్టారు, మధ్యలో ఎస్.ఇ. గారికి ఏమైనా తప్పిపోయి ఉండవచ్చని. పాచిక కుర్చీ కిందకు దొర్లింది. పురుషోత్తం గారు ఆలోచనలో పడ్డారు. ఆ తరువాతి సోమవారమూ అంతే. నాలుగో వారానికి నీలకంఠం పానకం ఇచ్చే సమయానికే అటెండరు టీ తెచ్చేవాడు. ఆరో వారానికి నీలవేణి టీవీ కన్నా ముందే డైలాగులు చెప్పేది.

"ఈ తలుపు తియ్యకుండానే నేను రిటైరైపోతానేటో సార్" అంది.

"నీకింకా పన్నెండేళ్ళుందమ్మా."

"అందుకే చెప్తన్నాను."

తరువాతి సోమవారం అప్పలసూరి తప్పు చేశాడు. అప్పటికి అతను ఇరవై ఎనిమిదో భాగం దాటాడు. బాటసారుల్ని చంపించబోయిన ద్రోహి ఎవరో ముందురోజే, తుని సోఫాలో తెలిసింది. హైమావతి అయితే లేచి నిలబడింది. సోమవారం పెద్ద టీవీలో నీలకంఠం నవ్వుతూ పానకం గ్లాసు పిట్టకు అందిస్తుంటే అప్పలసూరి నోట్లోంచి మాట జారింది.

"తాగకే పిట్టా! వాడే!"

మందిరం అంతా వెనక్కి తిరిగింది.

"వాడే అంటే ఏటి సార్?" అంది నీలవేణి.

పురుషోత్తం గారు ఆ రోజు పానకం దగ్గరే తల వాల్చేశారు. ఆయన కళ్ళు తెరుచుకున్నాయి. అప్పలసూరిని చూసి మళ్ళీ మూసుకున్నాయి. ఆ సంగతి అప్పలసూరి ఒక్కడే గమనించాడు. దాని అర్థం అప్పుడు తెలియలేదు.

సాయంత్రానికి మెమో వచ్చింది. విషయం: అనధికార ముందస్తు వీక్షణ. "పై అధికారి చేరని ఘట్టమును చేరుట క్రమశిక్షణా రాహిత్యము క్రిందకు ఏల రాదో మూడు దినములలో తెలుపవలెను."

నీలవేణి సలహా ఇచ్చింది. "నిద్రమత్తులో ఏదో అనీసానని రాసీండి సార్. ఎస్.ఇ. గారికి నిద్ర సంగతి తెలుసు కదా."

అప్పలసూరి వినలేదు. సర్వీసులో తన గురించి కాగితం మీద అబద్ధం రాయలేదన్నది అతని గొప్ప. ఆ గొప్పను అటెండర్లకు కూడా చెప్పి ఉన్నాడు. ఇరవై ఎనిమిది భాగాలు పూర్తిగా చూశానని, మిగతావి కూడా చూడాలనే ఉందని, అందుకు చింతిస్తున్నానని రాసి ఇచ్చాడు. రెండో మాట రాయకుండా ఉండవలసిందని బస్టాండులో అనిపించింది.

ఆ వారాంతంలోనే బదిలీ ఉత్తర్వు వచ్చింది. తాలాడ అప్పలసూరి, తుని సబ్ డివిజన్. నెలాఖరు లోపల చేరాలి. చేరకపోతే ఖాళీ మరొకరికి పోతుంది.

హైమావతికి ఫోన్ చేసి ఉత్తర్వు చదివి వినిపించాడు. "సోఫాకి కవర్లు మారుస్తాను" అంది ఆమె.

అప్పలసూరి ఉత్తర్వు పట్టుకుని పురుషోత్తం గారి గదికి వెళ్ళాడు. ఆయన చదివి, మడిచి, తిరిగి ఇచ్చారు.

"సంతోషం. చార్జి ఎవరికి అప్పగిస్తావు?"

"ఫైళ్ళన్నీ నీలవేణి గారికి సార్. అప్పగించీసాను కూడా."

"నోడల్ చార్జి?"

"అదీ ఆవిడకే సార్."

"ఎలా అప్పగిస్తావయ్యా?" పురుషోత్తం గారు వేళ్ళు ముడిచారు. "గోదాములో ఎన్ని సిమెంటు బస్తాలుంటే అన్నీ లెక్కపెట్టి అప్పగిస్తావు. తీసుకున్నవాడు అన్నీ తీసుకున్నానని సంతకం పెడతాడు. అవునా? నీ దగ్గర ఇరవై ఎనిమిది భాగాలున్నాయి. నువ్వే రాసిచ్చావు. నీలవేణి గారి దగ్గర పద్దెనిమిది నిమిషాలున్నాయి. చార్జి ఎలా సరిపోతుంది?"

"ఆవిడ చూసీస్తారు సార్. వారం రోజులు సెలవిస్తే..."

"నన్ను దాటి ఎలా చూస్తుంది?"

అప్పలసూరి నిలబడ్డాడు. తన తప్పులో ఎక్కడ మొదలు, ఎక్కడ కొస అన్నది వెతికాడు. రెండు కొసలూ తన చేతి రాతలోనే కనిపించాయి.

మిగిలిన దారి ఒక్కటే. పురుషోత్తం గారిని మేలుకొని ఉంచాలి. ఆ సోమవారం అప్పలసూరి హోటల్ నుంచి స్ట్రాంగ్ కాఫీ తెప్పించాడు. ఫ్యాన్ ఆపించాడు. పానకం దగ్గర మిరపకాయ బజ్జీలు అందించాడు. చేతుల కుర్చీ తీయించి చెక్క స్టూలు వేయించాడు. పాచిక కుర్చీ కిందకు దొర్లింది. పురుషోత్తం గారు చేతిలో సగం బజ్జీతో, స్టూలు మీద, గోడకు ఆనుకోకుండా నిద్రపోయారు.

"ఆ కూర్చోడంలో నిద్ర ఎలా పడుతుందండీ ఎవరికైనా?" అంది నీలవేణి, మెల్లగా.

అందరూ వెళ్ళాక అప్పలసూరి మళ్ళీ ఆయన గదికి వెళ్ళాడు.

"సార్, ఒక్క రోజు. ఒక్క రోజు కళ్ళు తెరిచి కూర్చోండి. ఆ తలుపు వెనక ఏటుందో చూసీండి. నేను మా ఇంటికి వెళ్ళిపోతాను."

పురుషోత్తం గారు లేచి గది తలుపు గడియ పెట్టారు. వచ్చి కూర్చున్నారు.

"తలుపు వెనక మేకపిల్లుంది" అన్నారు.

అప్పలసూరి కుర్చీ కోసం చేత్తో తడుముకున్నాడు. నిజమే, ఒకటో భాగంలో ఆ తలుపు వెనక మేకపిల్లే ఉంది.

"నీలకంఠం ద్రోహి అని నాకు తెలీదనుకున్నావా? మా ఆవిడా నేనూ అరవయ్యో భాగం దాటాం. నువ్వు ఆ రోజు అరిచినప్పుడు నేనూ అరిచేవాణ్ణే. పళ్ళు బిగించి ఊరుకున్నాను."

"మరి సోమవారం సోమవారం ఈ నిద్ర..."

"చీఫ్ ఇంజనీరు గారు తలుపు దగ్గరే ఉన్నారయ్యా. నేనెలా లోపలికి వెళ్తాను?"

"చీఫ్ ఇంజనీరు గారు కూడా నిద్రపోతున్నారా సార్?"

"ఆయనకు అదే నిమిషంలో ఫోన్లు వస్తాయి."

"మరి ఎం.డి. గారు?"

"వారు ఇంకా ఆరంభించలేదు. తీరిక లేదు." పురుషోత్తం గారు నీళ్ళు తాగారు. "వారు ఆరంభించనిదే చీఫ్ ఇంజనీరు గారు తలుపు తీయరు. నేను మేలుకుంటే నాకు మెమో వస్తుంది. నీకు నేనిచ్చిన మెమోయే, పేరు మార్చి."

అప్పలసూరి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"నన్నేం చెయ్యమంటారు సార్?"

"నీ దగ్గరున్నవి నీలవేణి గారికి ఇవ్వలేవు. కాబట్టి నీ దగ్గర లేకుండా చెయ్యి. చూసిందంతా మరిచిపోయానని రాసివ్వు. కమిటీ పరిశీలిస్తుంది. మరిచిపోయావని తేలితే నువ్వూ పద్దెనిమిది నిమిషాలే. చార్జి సరిపోతుంది."

"అది అబద్ధం కదండీ."

"తుని వెళ్తావా, వద్దా?"

అప్పలసూరి రాసిచ్చాడు. "నేను చూచినదంతయు మరచితినని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను."  సంతకం కింద తేదీ కూడా వేశాడు.

మరుపు నిర్ధారణ కమిటీ నెలాఖరుకు ఒక రోజు ముందు కూర్చుంది. అధ్యక్షులు పురుషోత్తం గారు. సభ్యులు అకౌంట్స్ అధికారి, నీలవేణి. గదిలో అద్దం ముందు అప్పలసూరి సాధన చేసి వచ్చాడు. హైమావతి వీడియో ఫోన్లో ప్రశ్నలు అడిగింది. ప్రతి ప్రశ్నకూ అతను తల గోక్కున్నాడు. "తల గోక్కోకండి, దొంగలా ఉన్నారు" అని ఆమె దిద్దింది. మధ్యలో చూడడం మానలేదు. కిందటి ఆదివారానికి ఇద్దరూ ముప్పై ఒకటి పూర్తిచేశారు.

అకౌంట్స్ అధికారి మొదలుపెట్టాడు. "నీలకంఠం ఎవరు?"

"సత్రం నడిపే మనిషండి."

"ఎలాంటివాడు?"

"పానకం ఇస్తాడండి."

"తలుపు వెనుక ఏమున్నది?"

"మనం ఇంకా తియ్యలేదు కదండీ."

పురుషోత్తం గారు తల ఊపారు. "మెంబరు గారూ, మీరేమైనా అడుగుతారా?"

నీలవేణి కొంగు సర్దుకుంది. అప్పలసూరిని గట్టెక్కించాలనే ఆమె ఉద్దేశం. అతను తట్టుకోలేని ప్రశ్న అడిగి, తట్టుకున్నాడని రాయిస్తే మరి ఎవరూ వేలెత్తరు. అతను ఎక్కడిదాకా చూశాడో మాత్రం ఆమె సరిగ్గా అంచనా వెయ్యలేదు.

"సార్, ముప్పై మూడో భాగంలో పిట్ట చచ్చిపోయింది కదా. అది మీకు గుర్తుందా?"

అప్పలసూరి ఆమె వైపు చూశాడు.

"పిట్టా?" అన్నాడు.

అకౌంట్స్ అధికారి కలం కింద పెట్టాడు.

"పిట్ట... ఎలాగమ్మా?"

"గోడ మీంచి సార్. పాచిక ఒకటి పడింది." నీలవేణి గొంతు తగ్గింది. "మీరు అక్కడిదాకా రాలేదేటి సార్?"

అప్పలసూరి జేబురుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తుడిచి పెట్టుకుని మళ్ళీ తీశాడు. నీలవేణికి ముప్పై మూడో భాగం సంగతి ఎలా తెలిసిందని కమిటీలో ఎవరూ అడగలేదు. అకౌంట్స్ అధికారి కిటికీ వైపు చూస్తూ, "ముప్పై మూడు నేను రెండుసార్లు..." అని ఆగిపోయాడు.

పురుషోత్తం గారు చెప్పగా నీలవేణి రాసింది. "సదరు ఉద్యోగికి సదరు సంఘటన ఏమాత్రము జ్ఞప్తికి లేదని కమిటీ సంతృప్తి చెందినది. ముఖకవళికలు సహజముగా నున్నవి."

మధ్యాహ్నం అతన్ని రిలీవ్ చేశారు. నోడల్ చార్జి, పద్దెనిమిది నిమిషాలు, తలుపు మూసి ఉన్న స్థితిలో, నీలవేణి స్వీకరించింది. గేటు దాకా వచ్చింది.

"తప్పయిపోనాది సార్."

"తప్పేం లేదులేమ్మా. నన్ను పంపించీసావు. అదే చాలు."

"ముప్పై నాలుగులో కొంచెం..."

"చెప్పకమ్మా" అన్నాడు అప్పలసూరి.

గడువు దాటకముందే అతను తుని సబ్ డివిజన్‌లో చేరాడు. ఆదివారం హైమావతి సోఫాకు కొత్త కవర్లు వేసింది. జంతికల పళ్ళెం మధ్యలో పెట్టింది. ముప్పై రెండో భాగం అయింది. ఆమె ఆపమనలేదు. ముప్పై మూడో భాగంలో పిట్ట కోట గోడ కిందకు వచ్చి పైకి చూసింది.

"ఎక్కేస్తుందిలెండి. మొదట్లో రెండు పడినా ఎక్కింది కదా" అంది హైమావతి. అతని వైపు తిరిగింది. "ఏంటండీ అలా ఉన్నారు? మీరు నన్ను వదిలి ముందుకెళ్ళి చూసేశారా ఏంటి?"

"లేదు" అన్నాడు అప్పలసూరి. అది నిజం.

పిట్టగా ఆడుతున్న అమ్మాయి పాచిక చేతిలోకి తీసుకుంది. హైమావతి అతని చెయ్యి పట్టుకుంది.

ఆ నెల హెడ్డాఫీసుకు అందిన నివేదిక ప్రకారం సాలూరు సర్కిల్ కార్యాలయం పద్దెనిమిదో నిమిషం వద్ద ఉంది.